కుడిచేతి తల్లి

త్రినాధరావు పటాల కొట్టులో మంచి వెలుగు పడే బల్ల ఒక్కటే ఒక్కటి. అది గుమ్మం పక్కన, వీధివైపు ఉంటుంది. పొద్దున్న తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా అక్కడ ఎండా పడదు, నీడా ఉండదు. సన్నపని చేసుకునేవాళ్ళకి ఎలాంటి వెలుగు కావాలో సరిగ్గా అలాంటి వెలుగు ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చునేది మాత్రం త్రినాధరావు బావమరిది రాజుబాబు. మనిషికి లాల్చీ ఉంది, మెడ మీద పడే జుట్టు ఉంది, చెవి సందులో ఓ కుంచె కూడా ఉంది. ఆ కుంచె రంగులో మునిగి ఎన్నేళ్ళయిందో నూకాలమ్మ తల్లికే తెలియాలి.

పని చేసేది సుజి. తెర వెనక, గుయ్యిమనే ట్యూబులైటు కింద. గాజు కోసేదీ, ఫ్రేములు బిగించేదీ ఆవిడే. అదంతా ఒక ఎత్తు, టచింగు ఒక ఎత్తు. పోయినవాళ్ళ పాత ఫోటోలు తెస్తారు జనం. వాటిల్లో మూతపడ్డ కళ్ళు తెరిపించాలి, చెరిగిపోయిన బొట్టు పెట్టాలి, రేగిన జుట్టు దువ్వాలి. అనకాపల్లిలో గోడల మీద దండలు వేసుకుని కూర్చున్న తాతలూ మామ్మల్లో సగం మంది ఈ పదిహేనేళ్ళలో సుజి చేత తలలు దువ్వించుకున్నవాళ్ళే. ఆ సంగతి వాళ్ళ మనవలకి తెలియదు. ఫోటో అందుకునేది రాజుబాబు కదా! దాన్ని దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి, "వారం పడతాది. ఇది ప్రాణంతో పని" అంటాడు. వాళ్ళు మెట్లు దిగగానే తెర సందులోంచి లోపలికి తోసేస్తాడు.

పోయినేడాది ఈస్టరు ముందు కంటి క్యాంపులో డాక్టరుగారు సుజికి ఖరాఖండిగా చెప్పేశారు. సన్నపని పగటి వెలుగులోనే చెయ్యాలి, కాదంటే ఆ పనే మానుకోవాలి. అప్పటినుంచి సుజి త్రినాధరావుని ఆ బల్ల అడుగుతూనే ఉంది. ఆ బుధవారం అడగడం నాలుగోసారి.

"బాబూ, ఆ బల్ల నాకిప్పించండి. రాజుబాబుగారు మాటలు ఏడ కూకున్నా సెప్పగలరు. నాకు ఆ లైటు కింద గీత కనపట్లేదు."

"సూద్దారమ్మా. నూకాలమ్మ జాతర ఎల్లనీ."

"పోయినేడు జాతరకీ అదే మాటన్నారు."

"మరేటి సెయ్యమంటావు?" త్రినాధరావు గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు, పిరికివాడు. "గుమ్మంలో ఆడమనిషి కుంచె పట్టుకుని కూకుంటే వచ్చినోళ్ళు ఏటనుకుంటారు? ఆర్టిస్టు లేడా అంటారు. అనేసి ఆ డిజిటల్ కొట్టుకి పోతారు."

సుజి తెర వెనక్కి వెళ్ళిపోయింది. జాతర నెల వెళ్ళేదాకా చూసి, అప్పటికీ ఇంతే అయితే కుంచెలు కడిగి పెట్టెలో పెట్టేద్దామని మనసులో ఖాయం చేసుకుంది. అనుకుందే కానీ చెయ్యి అప్పుడే ఇంకో కుంచె అందుకుంది. ఆ పని తప్ప ఆవిడకి ఇష్టమైన పని ఇంకోటి లేదు మరి.

అదిగో, సరిగ్గా అప్పుడే కశింకోట ఆటో దిగి ఆగ్నేసమ్మ వచ్చింది.

డెబ్భై దాటిన మనిషి. ముప్పయ్యేళ్ళు క్రైస్తవ మఠంవాళ్ళ ఆస్పత్రిలో ఆయాగా చేసింది. పాత చీరలో చుట్టిన పటాన్ని చంటిపిల్లని దించినట్టు బల్ల మీదికి దించింది.

"సెద పట్టేసింది నాయనా. ఆదివారం మా మనవడు ఇమ్మాన్యుయేల్ కొత్తింట్లో ప్రార్దన. ఫాదరుగారొత్తన్నారు. శనివారానికల్లా కొత్త ఫ్రేము కట్టియ్యాలి. ఇది మీ నాన్న సత్తియ్య కట్టిందే."

తండ్రి పేరు వినగానే త్రినాధరావు లేచి నిలబడ్డాడు. సుజి కూడా తెర తప్పించి తొంగి చూసింది. పటంలో ఆకుపచ్చ గౌను తొడుక్కున్న దొరసాని ఒకావిడ పక్కకి వంగి ఉంది. కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఫ్రేము అడ్డొచ్చింది. ముఖం మీద ఒక పక్కనుంచి వెలుగు. చూపు మన మీద లేదు.

"ఎవరు మామ్మా ఈవిడ?" అంది సుజి.

"పేరు తెలీదే గుంటా. ఇటలీ మదరు ఎల్లిపోతా ఇచ్చింది. ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. 'ఈమె నీలాటిదే ఆగ్నేసూ' అంది. ఓలమ్మ, నానెక్కడ, పునీతురాలెక్కడ! కానీ సెయ్యినెప్పులకి మా గొప్ప తల్లి. ఈవిడ సేతికి కొబ్బరినూనె రాసి, ఆ నూనె మన రెక్కకి రాసుకుంటే తెల్లారేసరికి నెప్పి తీసేసినట్టుంటాది. మా ఈదిలో అందరూ కుడిచేతి తల్లంటారు."

రాజుబాబు కుర్చీలోంచి లేవకుండానే పటం వైపు తల వంచాడు. "ఇది మామూలు పటం కాదు. ఎవరో మహారాణి. సత్యప్రమాణం సేత్తంది, సెయ్యి సూడండి. ఎవడో మహానుభావుడు ఏసేడు."

సుజి నవ్వు ఆపుకుంటూ పటం లోపలికి పట్టుకుపోయింది. సుజివాళ్ళది బాప్టిస్టు సంఘం, వాళ్ళు పటాలకి మొక్కరు. అయినా పదిహేనేళ్ళుగా నూకాలమ్మకీ, సాయిబాబాకీ, మేరీమాతకీ కొట్టే మేకుల్లో తేడా చూపించిన పాపాన పోలేదు.

*

గురువారం పొద్దున్న ఫ్రేము విప్పింది. తుప్పు పట్టిన మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగింది. వెనక అట్ట చేతిలోనే పొడైపోయింది. చెదమట్టి కుంచెతో దులిపి పటం తిరగేసి చూస్తే, నాలుగంచులూ లోపలికి మడిచి ఉన్నాయి. సుజికి విషయం అర్థమైపోయింది. ఆ రోజుల్లో సత్తియ్య దగ్గర ఉండేవి దేవుడి పటాల కొలత ఫ్రేములే. పటం పెద్దదైతే ఫ్రేము పెంచేవాడు కాదు, పటాన్ని మడిచేవాడు. ఇదే కొట్టులో కట్టిన పెళ్ళి ఫోటోల్లో తోడపెళ్ళికొడుకులు ఎంతమంది మడతల్లోకి పోయారో లెక్కే లేదు.

తడిగుడ్డ పిండి మడతల మీద వేసింది. కాగితం మెత్తబడ్డాక, వేలి గోరు తగలకుండా చూపుడువేలి కొసతో ఎడమ అంచు మెల్లగా విప్పింది.

ఆ ఎత్తిన చేతిలో కుంచె ఉంది.

"ఓలమ్మో!" అనేసింది సుజి పైకే.

కుడివైపు అంచు కూడా విప్పింది. అక్కడ ఇంకో చెయ్యి, ఆ చేతిలో రంగుల పలక. పలక మూల, దానికింద అక్షరాలూ చెద తినేసింది. రెండు మూడు మాటలు మిగిలాయి కానీ అవి ఇంగ్లీషువి కూడా కావు. సుజి ఆ దొరసానిని కొత్తగా చూసింది. నుదుటి మీద రెండు వెంట్రుకలు పడి ఉన్నాయి. గౌను చెయ్యి మోచేతి పైకి తోసేసి ఉంది. చూపు ఆకాశం కేసి కాదు, దేవుడి కేసీ కాదు. కుంచె మొన ఎటుందో అటే ఉంది. పని మధ్యలో ఉన్నవాళ్ళ చూపది. సుజి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ముప్పయ్యేళ్ళుగా కశింకోట జనం కొబ్బరినూనె రాస్తున్నది పెయింటరమ్మ చేతికి!

నవ్వు విని త్రినాధరావు, వెనకే రాజుబాబు తెర తీసుకుని వచ్చారు. పటం చూసి త్రినాధరావు మొహం పాలిపోయింది.

"మడిసెయ్" అన్నాడు. "మా నాన్న ఎలా మడిసేడో అలాగే మడిసెయ్. ఆ ముసిలావిడది ముప్పయ్యేళ్ళ నమ్మకం. ఇప్పుడు తల్లి కాదు, రంగులేసుకునే మనిషంటే గుండాగి సత్తాది. పైపెచ్చు సత్తియ్య మోసం సేసేడంటారు."

"మోసమేటి బాబూ, సైజు సాల్లేదంతే. ఈవిడ తన బొమ్మ తనే ఏసుకుంటంది. ఎంత సక్కగా ఉందో సూడండి."

"తనే ఏసుకోడవేటి?" రాజుబాబు అడ్డుపడ్డాడు. "పెద్ద ఆర్టిస్టెవడో ఓ అందగత్తెని నిలబెట్టి సేతికి కుంచిచ్చుంటాడు. స్టూడియోలో పువ్విచ్చినట్టు."

"పోజుకైతే తల దువ్వుకుని వచ్చుండేది" అంది సుజి. "పదిహేనేళ్ళుగా ఫోటోలు సూత్తన్నాను. జుట్టు రేగినా పర్లేదన్నోళ్ళు ఒక్కరంటే ఒక్కరు రాలేదు. సచ్చిపోయినోళ్ళకి కూడా దువ్వించుకునే ఎల్తారు. ఈవిడికి దువ్వుకునే తీరిక లేదు, అదీ సంగతి."

రాజుబాబు కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతనికీ ఒకప్పుడు బొమ్మలంటే ఇష్టమే. డ్రాయింగు పరీక్ష లోయర్ పాసయ్యాడు, హయ్యర్ తప్పాడు. ఆ మిగిలిన చదువుతో ఒక్క దెబ్బ కొట్టాడు.

"సరే. తన్ని తాను ఏసుకోవాలంటే అద్దంలో సూసుకోవాలా, అక్కర్లేదా? అద్దంలో కుడిసెయ్యి ఎడంసెయ్యవుద్ది. ఈవిడ కుంచె కుడిసేతిలోనే ఉంది. అంటే ఎదురుగా నిలబడి ఇంకోడు ఏసేడనే కదా!"

సుజి తన కుడిచెయ్యీ ఎడమచెయ్యీ మార్చి మార్చి చూసుకుంది. ఆ మాటలో న్యాయం ఉంది. "సూసేవా? అందుకే మడిసెయ్యమ్మా" అని త్రినాధరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు. సుజి మాత్రం ఆ రోజంతా నూకాలమ్మ పటాలు బిగిస్తూ, ఒక మేకు వెయ్యాల్సిన చోట రెండు వేసింది. ఓడిపోయింది ఆ పటంలో ఆవిడో, తనో తెలియలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం టీ గ్లాసు తెచ్చుకుంటూ పక్కనున్న పోతురాజు సెలూను మీదుగా వస్తోంది. పోతురాజు ఎవరికో క్షవరం ముగించి, వెనకనుంచి చేతద్దం పట్టి, "సూసుకో మావా, గీత తిన్నగుందా?" అంటున్నాడు. గోడకున్న పెద్ద అద్దంలో వీధి అవతలి కిరాణా కొట్టు బోర్డు కుడిఎడమలు తారుమారై కనిపిస్తోంది. పోతురాజు చేతద్దం కాస్త కదిలింది. పెద్ద అద్దంలోని బోర్డు మళ్ళీ అందులో పడి, ఈసారి అక్షరాలు తిన్నగా ఉన్నాయి, చదవొచ్చు. సుజి గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పోతురాజు "ఏటమ్మా, గుంజలాగా నిలబడిపోయేవు?" అన్నాడు. సుజి అప్పటికే కొట్టుకేసి పరిగెత్తింది. టీ సగం చీర మీదే పోయింది.

రాజుబాబు భోజనానికి వెళ్ళాడు. ఇక గంటన్నర దాకా రాడు. సుజి అమ్మకానికున్న అద్దాల్లోంచి రెండు పెద్దవి తెచ్చి, వెలుగు బల్ల మీద ఒకటి ఎదురుగా, ఒకటి పక్కగా నిలబెట్టింది. వాటికి ఇటుకలు ఆన్చింది. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. వెలుగు చెంప మీద పడింది. ఎదుటి అద్దంలో తన కుంచె ఎడమ చేతిలో ఉంది, చూపు సూటిగా తన్నే చూస్తోంది. రాజుబాబు అన్నట్టే ఉంది. పక్క అద్దాన్ని కొంచెం జరిపింది, ఇంకొంచెం జరిపింది, పక్కకి వంగి కుడిచెయ్యి ఎత్తింది. అప్పుడు ఎదుటి అద్దంలో రెండో అద్దం, ఆ అద్దంలో ఇంకో సుజి. ఆ సుజి పక్కకి తిరిగి ఉంది. కుంచె కుడిచేతిలోనే ఉంది.

"బాబూ! బేగి రండి!"

త్రినాధరావు సుత్తి చేత్తోనే వచ్చాడు. పటం బల్లకి ఆనించి ఉంది. అద్దంలోకి చూశాడు, పటంలోకి చూశాడు, మళ్ళీ అద్దంలోకి చూశాడు. అదే వంపు. అదే చెయ్యి. నుదుటి మీద పడ్డ వెంట్రుకలు కూడా అవే.

"రెండద్దాలు పెట్టుకుంది బాబూ. ఇంకెవుడూ లేడు. ఆవిడొక్కతే గదిలో కూకుని, రెక్క పడిపోతన్నా సరే, దించకుండా ఏసుకుంది. నాకు ఇంతసేపటికే బుజం లాగేత్తంది."

త్రినాధరావు రెండద్దాల వెనకా తొంగి చూశాడు. సుత్తితో వీపు గోక్కున్నాడు. చివరికి, "నిజవేనమ్మా" అన్నాడు మెల్లగా. "అయినా రేపు మడిసెయ్. ముసిలావిడ మనసు కష్టపెట్టొద్దు."

అంతలో రాజుబాబు తాంబూలం నములుతూ వచ్చి కుర్చీ కోసం నిలబడ్డాడు. సుజి లేచింది. అద్దాలు మోసుకుని తెర వెనక్కి వెళ్ళింది.

*

శనివారం పొద్దున్న సుజి పెద్ద కొలత ఫ్రేము ఒకటి కోసింది. పటాన్ని మడవకుండా, ఉన్నదున్నట్టు అందులో పెట్టింది. వెనక అట్టకి మాత్రం మేకులు కొట్టలేదు. ముసలమ్మ ఒద్దంటే అప్పుడే, ఆవిడ ఎదురుగానే మడిచేద్దామనుకుంది. దొంగతనంగా మాత్రం మడవనని ఒట్టు పెట్టుకుంది. త్రినాధరావు మడిచేసిందనే అనుకుంటున్నాడు పాపం.

పదకొండింటికి ఆగ్నేసమ్మ వచ్చింది. సుజి పటం తెచ్చి వెలుగు బల్ల మీద పెట్టింది. త్రినాధరావు చూసి కుర్చీ పట్టుకున్నాడు.

ముసలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. వేలితో గాజు మీద ఎత్తిన చేతిని తడుముకుంటూ పోయి, కుంచె దగ్గర ఆగింది.

"ఇదేటి?"

"కుంచె మామ్మా" అంది సుజి. "ముందునుంచీ ఉంది. ఫ్రేము సాలక మడతలోకి పోయింది. ఈవిడ పునీతురాలో కాదో నాకు తెలీదు. బొమ్మలేసుకునే మనిషి. రెండద్దాలు పెట్టుకుని తన బొమ్మ తనే ఏసుకుంది. నీకు బాగోలేదంటే ఇప్పుడే మళ్ళీ మడిసేత్తాను."

"మా నాన్న కావాలని సెయ్యలేదు మామ్మా..." అని త్రినాధరావు మొదలుపెట్టాడు.

ముసలమ్మ చెయ్యెత్తి అతన్ని ఆపింది. ఎత్తిన చెయ్యి దించలేదు. పటంలో ఆవిడ ఎలా ఎత్తిందో అలాగే పట్టుకుంది. రెక్క వణకడం మొదలైంది.

"ఎంతసేపుంటాది ఇలాగ?"

"ఎలుగున్నంతసేపూ, మామ్మా. రోజుల తరబడి."

ముసలమ్మ చెయ్యి దించుకుని భుజం రుద్దుకుంది. తర్వాత, మిగిలిన నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు జారిపోయింది.

"ఓలి నీ అమ్మ కడుపు బంగారం గానూ! అందుకేనే! రెక్కనెప్పి దీనికి తెలిసినట్టు ఇంకెవలికి తెలుత్తాది? ముప్పయ్యేళ్ళు నాను రోగుల్ని ఎత్తేను, దించేను. మదరు నీలాటిదే అంటే, నన్ను ఎక్కడికో ఎత్తేసిందని సిగ్గుపడి సచ్చేను. పనిమనిషే అని సెప్పిందన్నమాట! ఒద్దు, మడవకు. కుంచె లేకుండా ఈవిడికి ఇన్నాళ్ళూ ఎంత ఇబ్బందయిపోయిందో!"

సుజికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తెలియదు.

ముసలమ్మ వేలు చెద తిన్న మూల దగ్గరికి వెళ్ళింది. "ఈ పలక ముక్క పోయింది కదా. ఎవరేత్తారు?"

"మా ఆర్టిస్టున్నాడు కదా" అన్నాడు త్రినాధరావు, అలవాటు కొద్దీ.

ఆగ్నేసమ్మ రాజుబాబు చెయ్యి అందుకుని తిప్పి చూసింది. నర్సమ్మలు చేతులు కడుక్కున్నారో లేదో ముప్పయ్యేళ్ళు చూసిన మనిషి. గోళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. అతని చెవి సందులోంచి కుంచె లాగి మునివేళ్ళతో నొక్కింది. కర్రలా ఉంది. "ఇది గుబిలి తీసుకోడానికి బాగుంటాది నాయనా" అని మళ్ళీ చెవి సందులోనే పెట్టేసింది. తర్వాత సుజి చెయ్యి పట్టుకుంది. గోళ్ళ సందుల్లో నీలం, మొన్నటి నూకాలమ్మ చీర ఎరుపు.

"నువ్వెయ్యే. నా ఎదురుగా ఎయ్యి. ఇక్కడే, ఎలుగులో. నువ్వు బాబూ, కుంచెం లెగు."

రాజుబాబు లేచాడు. సుజి కూర్చుంది. పటం ఫ్రేములోంచి తీసి, చెద తిన్న మూల వెనక తెల్లకాగితం అతికించింది, రంగులు తెచ్చుకుంది, జాకెట్టు చెయ్యి పైకి తోసుకుంది, గోధుమరంగులో చుక్క నలుపు కలిపి, వేలి మీద రాసుకుని, పటం పక్కన పెట్టి చూసుకుంది. సరిపోలేదు. కాస్త పసుపు కలిపింది. సరిపోయింది. ఇక చుట్టూ ఎవరున్నారో ఆవిడకి తెలియదు. పోతురాజు సగం గడ్డం గీసిన మనిషిని వదిలేసి వచ్చాడు, ఆ సగం గడ్డం మనిషీ సబ్బునురగతోనే వచ్చాడు. జాతరకి వచ్చిన మునగపాక ఆడవాళ్ళు నలుగురు గుమ్మంలో చేరారు. ఆర్టిస్టు లేడా అని త్రినాధరావుని ఎవరూ అడగలేదు. అతను ఆ ప్రశ్న కోసం చూసి చూసి, ఇక రాదని తెలిసి, స్టూలు మీద కూలబడ్డాడు.

రాజుబాబు ఎంతసేపని నోరు కట్టుకుంటాడు? గొంతు సవరించుకున్నాడు. "దీన్ని రెండద్దాల పద్దతంటారు. ఒక్కద్దంలో అయితే కుడి ఎడమవుద్ది..." అని జనానికి వివరించడం మొదలుపెట్టాడు. నిలబడి చెప్తుంటే అతని మాట ఇంకా బాగుంది. మొన్న తనే కాదన్నాననే సంగతి అతనికే గుర్తులేదు.

పలక మూల పూర్తయ్యేసరికి మునగపాక ఆవిడ ఒకత్తె కొంగు ముడిలోంచి చిన్న ఫోటో తీసింది. రాజుబాబు అలవాటుగా చెయ్యి చాపాడు. ఆవిడ అతన్ని దాటుకుని వచ్చి సుజి ముందు పెట్టింది. "మాయమ్మది తల్లీ. కళ్ళు మూసేసుకుంది. తెరిపిత్తావా?"

*

ఆదివారం ఫాదరుగారు పటం ఎవరిదని అడిగితే, ఆగ్నేసమ్మ "మా పనిమంతురాలిదండి" అందట. ఆయన నవ్వి, పవిత్ర జలం పటంలో ఆవిడ మీద కూడా చిలకరించారట. ఈ కబురు సోమవారం పొద్దున్న కశింకోట ఆటో తోలే సుజి మొగుడు శాంతికుమారే తెచ్చాడు.

సుజి నవ్వుకుంటూ కొట్టుకి వెళ్ళి తెర తీసింది. లోపల చీకటి. స్విచ్చి వేసింది. వెలగలేదు.

"ట్యూబులైటు పోయిందమ్మా" అన్నాడు త్రినాధరావు, తలెత్తకుండా మేకులు ఏరుకుంటూ. "కొత్తది ఎప్పుడు దొరుకుద్దో ఏటో. అందాకా ఆ ముందు బల్ల కాడ సర్దుకో."

తలుపు మూల, పాత పేపరు చుట్టి, ట్యూబులైటు గోడకి ఆన్చి ఉంది. శుభ్రంగా ఉంది, పోవడానికి దానికి ఏ రోగమూ లేదు. సుజి చూసింది. చూసినట్టు తెలియనివ్వలేదు. "అలాగే బాబూ" అంది.

ముందు బల్ల మీద ఆవిడ కుంచెల గ్లాసు అప్పటికే ఉంది. నీళ్ళు మార్చి ఉన్నాయి. కుర్చీకి దిండు కూడా వేసి ఉంది. రాజుబాబు గుమ్మం బయట నిలబడి పోతురాజుకి ఇటలీ దేశం గురించి చెప్తున్నాడు. సుజి కూర్చుని మునగపాక అమ్మ ఫోటో ముందుకి లాక్కుంది. చెంప మీద వెలుగు పడింది. ఎడమ కంటి రెప్ప దగ్గర మొదటి గీత పెడుతుండగా మెట్ల మీద ఎవరో ఆగిన చప్పుడైంది.

"ఆర్టిస్టుగారున్నారాండి?"

త్రినాధరావు దగ్గాడు. రాజుబాబు మాట ఆపాడు. సుజి నుదుటి మీద రెండు వెంట్రుకలు పడి ఉన్నాయి, వాటిని తోసుకోలేదు. చెయ్యి దించలేదు, చూపు కుంచె మొన మీంచి తిప్పలేదు.

"సెప్పండమ్మా" అంది. "వింటన్నాను."